గోరువెచ్చటి ఫ్లాస్కు

ద్వాళికి ఉన్న భయాలన్నిటిలోకీ పెద్దది ఇది: చెల్లెలు రంగి కడుపులో ఉన్నది ఆడపిల్లే అయితే, ఆ పిల్ల భూమ్మీద పడకముందే, ఆ పిల్ల కడుపులోని గుడ్లు పత్తికి కొట్టే పురుగుమందుకు పాడైపోతున్నాయని. ఎప్పుడో కాదు, ఇప్పుడే, ఈ అయిదో నెలలోనే.

ఇంత వింత భయం వాళ్ల తండాలో ఇంకెవరికీ లేదు. పురుగు ముడుతుందనో, వాన ఎగ్గొడుతుందనో, బోరు ఎండిపోతుందనో భయపడేవాళ్లే అందరూ. పుట్టని పిల్ల కడుపులోని గుడ్ల గురించి భయపడే తెలివి ద్వాళికి కోదాడలో అంటుకుంది, అరుంధతి మేడం ఇంట్లో.

నడిగూడెం దగ్గరి తండాలో పుట్టిన ద్వాళి ఎనిమిదో తరగతి సగంలో బడి మానేసింది. మానేసింది అనడం తప్పు, మాన్పించారు. సైన్సు సారు నల్లబల్ల మీద కోడిగుడ్డును నిలువుగా కోసినట్టు బొమ్మ గీసి, పచ్చసొన దాకా పేర్లు రాశాడు. మిగతా పేర్లు రేపు రాసుకొమ్మన్నాడు. ఆ రేపు రాలేదు. పెళ్లయింది, తారా పుట్టింది. మొగుడు సక్రు మిర్యాలగూడ రైసుమిల్లులో బస్తాలు మోసే పనికి కుదిరి అక్కడే మిల్లులో పడుకుంటున్నాడు. కిరాయికి ఒక అర్ర దొరకగానే తల్లీబిడ్డలను తీసుకుపోతానన్నాడు. అందాకా ద్వాళి కోదాడలో అరుంధతి మేడం ఇంట్లో పనిచేస్తూ, పెరటి గదిలో మూడున్నరేళ్ల తారాతో ఉంటోంది.

మేడం కాలేజీలో జంతుశాస్త్రం చెబుతుంది. నలభై దాటాక డాక్టరేటు మీద మనసు పోయింది. ఆ చదువు గొర్రె గుడ్ల మీద. గొర్రె గుడ్లేమిటి, గొర్రె ఈనుతుంది కదా అని ద్వాళి మొదటిరోజు నవ్వింది.

"గొర్రెకూ ఉంటాయి, నాకూ ఉంటాయి, నీకూ ఉంటాయమ్మా," అంది మేడం. "పెంకు ఉండదంతే. కంట్లో నలుసు కన్నా చిన్నవి."

అవి దొరకాలంటే సూర్యాపేట పోవాలి. కోదాడ మాంసం కొట్లలో కోసేవన్నీ పోతులే. ఈత ఉడిగిన ఆడగొర్రెలు సూర్యాపేట మార్కెట్టుకు వస్తాయి. ప్రతి ఆదివారం తెల్లవారగానే తారాను మేడం దగ్గర వదిలి, ద్వాళి మొదటి బస్సుకు సూర్యాపేట పోయేది. చేతిలో చాయ్ పోసుకునే ఫ్లాస్కు, అందులో ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్లు. మటన్ కొట్టు సైదయ్య గొర్రెను చీరి, గర్భసంచికి అటొకటి ఇటొకటి వేలాడే చిక్కుడుగింజల్లాంటివి కోసి అందులో వేసేవాడు.

"తొడ అడిగేటోళ్లున్నరు, కార్జం అడిగేటోళ్లున్నరు. గిది అడిగేది మీ మేడం ఒక్కతే," అనేవాడు సైదయ్య. "వండుకుంటదా ఏంది?"

"సదువుకుంటది కాకా."

"సదువా? నాకు తెల్వక ఇన్నేండ్లు కుక్కలకేసిన. మా బజారు కుక్కలు ఈపాటికి డాక్టర్లయ్యేటియి."

నాలుగు గంటల్లోపు ఫ్లాస్కు ఇల్లు చేరాలి. ఇంటికి రాగానే మేడం వాటిని గాజు గిన్నెలో పెట్టి బ్లేడుతో గాట్లు పెట్టేది. సన్నటి గాజుగొట్టంతో ఒక్కో గుడ్డునూ ఏరి, అద్దం ముక్క మీద పెట్టి, మీద ఇంకో పలుచటి అద్దం ఒత్తి, ఒక రోజు మందులో నానబెట్టి, ఎర్రరంగు ఎక్కించేది. అద్దాలు కడిగి తుడవడం ద్వాళి పని.

ఒకరోజు మేడం తనే పిలిచి సూక్ష్మదర్శినిలో చూడమంది. ద్వాళి మొదట మూయవలసిన కన్ను తెరిచి, తెరవవలసిన కన్ను మూసింది. తర్వాత చాలాసేపు తన కనురెప్ప వెంట్రుకలనే చూసింది. అప్పుడు కనబడింది. గుండ్రం, గుండ్రంలో ఇంకో గుండ్రం, అందులో ఒక చుక్క. ఒక గుడ్డులో ఆ చుక్క చుట్టూ ఉంగరం తొడిగినట్టు ఎర్రగా ఉంది. పక్క గుడ్డులో ఉంగరం లేదు. చిక్కుపడ్డ దారం విదిలించి పారేసినట్టుంది.

"ఇది మంచిదా, అది మంచిదా మేడం?"

"రెండూ మంచివే. ఏది ఏ వేళకు ఉండాలో ఆ వేళకు అలా ఉంటే." మేడం కుర్చీ జరుపుకుంది. "ఒక్కో కణంలో బారెడు కన్నా పొడుగు దారం ఉంటుంది ద్వాళీ. ఒళ్లు ఎలా తయారవాలో అంతా దాని మీదే రాసుంటుంది. అంత దారం అంత చిన్నచోట పట్టాలి కదా, అందుకని పూసల మీద చుట్టి, మడత మీద మడత పెట్టి ఉంచుతుంది. మీ అమ్మ అద్దాల లంగాలు ఎలా దాచుకుంటుంది?"

"ఫేటియాలా? ట్రంకుపెట్టెల. రోజు కట్టేటియి పైన, పండుగయి అడుగున. అద్దం మీద అద్దం పడకుండ మడత పెడుతది. అడ్డదిడ్డం పెడితే కుట్లు పోతయి."

"అంతే. పెట్టెలో ఏముందన్నది ఒక సంగతి. ఏది పైన ఉంది, ఏ మడత విప్పి ఉందన్నది ఇంకో సంగతి. మడత విప్పి ఉన్నచోటే దారం మీది రాత చదవగలం. విప్పే చేతులు కొన్ని ఉంటాయి, మళ్లీ చుట్టే చేతులు కొన్ని. గుడ్డు పెరిగేటప్పుడు దారం విప్పుకొని చదువుకుంటుంది, రాబోయే పిండానికి కావలసినవన్నీ సర్దుకుంటుంది. సర్దడం అయ్యాక దారమంతా చుక్క చుట్టూ చేరి ఇలా ఉంగరమవుతుంది. ఇక చదువు బంద్. ఉంగరం కట్టకముందే తొందరపడ్డ గుడ్డు సంగతి ఎలుకల్లో చూశారు. దాని పిండం రెండు కణాలై అక్కడే ఆగిపోతుందట."

"గా చేతులు ఎవరియి మేడం?"

"ఎవరివీ కాదు, అవీ కణంలోవే. రొట్టెపిండిని పులియబెట్టే ఈస్టు ఉంటుంది చూడు, అందులో కనిపెట్టారు. గుడ్డులో ఏవి ఎప్పుడు పనిచేస్తాయో ఇంకా ఎవరికీ సరిగ్గా తెలియదు."

ఇదంతా ద్వాళికి సగం ఎక్కింది, సగం పక్కకు పోయింది. నిద్ర పాడుచేసింది మాత్రం ఆ తర్వాత మేడం మాటవరసకు అన్న ముక్క. ఆడపిల్ల తల్లి కడుపులో ఉండగానే దాని గుడ్లన్నీ తయారవుతాయట. అయిదో నెలకు డెబ్బై లక్షల దాకా ఉంటాయట. పుట్టేసరికి అందులో చాలా పోతాయట. పుట్టాక కొత్తవి రావట.

"అంటే మేడం, మా తారా అయిన గుడ్డు..."

"నువ్వు మీ అమ్మ కడుపులో ఉన్నప్పటిది."

"అంటే మా తారా నాతోనే మా యాడి కడుపుల ఉన్నదా?"

"సగం తారా ఉంది," అంది మేడం నవ్వుతూ.

ఏ సగం? వాగే సగమా, ఏడ్చే సగమా? ఆ రాత్రంతా నిద్రపోతున్న పిల్ల కేసి చూస్తూ ద్వాళి వేళ్ల మీద లెక్క పెట్టింది. యాడి కడుపులో తను, తనలో తారా. తన కడుపులో తారా, తారాలో ఇంకెవరో. ఆ ఇంకెవరి దగ్గరికి వచ్చేసరికి వేళ్లు ఆగిపోయాయి. తారా కడుపులో ఉన్నప్పుడు ఏడో నెల దాకా తను పత్తిచేలలో మందు డ్రమ్ముకు నీళ్లు మోసింది. ఇంటికొచ్చినా కొంగు మందు వాసన వచ్చేది. ఉతికినా పోయేది కాదు. మరి ఆ వాసన ఎంత లోపలికి పోయింది?

అడగాలనుకుంది. అడిగితే మేడం అవునంటుందేమోనని అడగలేదు.

ఆ తర్వాతి ఆదివారమే తప్పు జరిగింది. భాద్రపదం ఎండ తల మాడుస్తోంది. సూర్యాపేట బస్టాండులో కోదాడ బస్సు ఎంతకీ రాలేదు. ద్వాళి ఫ్లాస్కు మూత తీసి వేలు పెట్టి చూసింది. గోరువెచ్చగా ఉంది. మాంసం ఎండకు ఆగుతుందా? చిన్నప్పుడు తండాకు సూదిమందు వేసే నర్సమ్మ వచ్చేది. రోడ్డు దగ్గర్నుంచి తండా దాకా ఆమె ఫ్లాస్కు మోసే పని ద్వాళిదే. "ఐసు కరిగిందంటే మందు ఖరాబైతది, ఉరుకు పిల్లా," అని నర్సమ్మ అదిలించేది. ఫ్లాస్కంటే ఐసని ద్వాళి మనసులో నాటుకుపోయింది. మేడం గోరువెచ్చగానే ఉండాలని చెప్పిన మాట గుర్తుంది. కానీ అది చెప్పినప్పుడు ఇంత ఎండ లేదు కదా అనుకుంది. సోడా బండి దగ్గరికి పోయి అరచేతి నిండా ఐసు ముక్కలు అడిగి ఫ్లాస్కులో వేసి మూత బిగించింది. మంచి పని చేశానన్న నిమ్మళంతో బస్సెక్కింది.

రెండు రోజుల తర్వాత మేడం సూక్ష్మదర్శిని మీద వంగి, లేచి, మళ్లీ వంగింది.

"ఏమైందివాళ? ఒక్కటీ సరిగ్గా లేదు. ముడుచుకుపోయాయి, పగిలిపోయాయి. ఉంగరమేది? దారమేది?" నోట్సులో ఏదో రాసి, కొట్టేసి, ఎదురుగా ప్రశ్నార్థకం పెట్టింది. "ఫ్లాస్కు ఎక్కడైనా పెట్టి మరిచిపోయావా ద్వాళీ?"

"లేదు మేడం."

అది అబద్ధం కాదు, నిజమూ కాదు. గుడ్లు పాడవడానికి పగ అక్కర్లేదని, ప్రేమతో వేసిన పిడికెడు ఐసు చాలని ద్వాళికి ఆ పూట తెలిసింది. తెలిశాక, కడిగిన అద్దాలనే మళ్లీ కడిగింది.

ఆ వారంలోనే, రంగిని ఇచ్చిన తిరుమలగిరి దిక్కు నుంచి వచ్చిన తండా మనిషి లచ్చిరాం కోదాడ బజారులో కనబడ్డాడు. "నీ చెల్లె గట్టి మనిషి పో. అయిదో నెల కడుపుతోని మందు డ్రమ్ముకు నీళ్లు మోస్తున్నది. పచ్చ బిందె నెత్తినెట్టుకొని, మొగోళ్లు ఎనుకపడాల్నంతే," అని మెచ్చుకుంటూ చెప్పాడు.

అయిదో నెల. డెబ్బై లక్షలు.

ఆ పై ఆదివారం సైదయ్య ఫ్లాస్కు నింపి ఇచ్చాక ద్వాళి బస్టాండులో నిలబడింది. ఎడమ పక్క కోదాడ బస్సు, కుడి పక్క తిరుమలగిరి బస్సు. కోదాడ ఎక్కితే గొర్రె గుడ్లు బతుకుతాయి. ఆ కండక్టరు ఈల వేశాడు, ఈ కండక్టరూ ఈల వేశాడు. ద్వాళి ఫ్లాస్కును కొంగులో చుట్టి, రొమ్ముకు హత్తుకుని తిరుమలగిరి బస్సెక్కింది.

గంటన్నర ప్రయాణం. ఊరు ఇంకా రాకముందే కల్వర్టు దగ్గర దిగి, ఎర్రమట్టి బాట వెంట పోతే పత్తిచెలక. వాసన ముందొచ్చింది, మనుషులు తర్వాత కనబడ్డారు. మూతికి తువ్వాల చుట్టుకున్న మొగవాళ్లు పంపులు వీపున వేసుకుని సాళ్ల వెంట పోతున్నారు. గట్టు మీద నీలం డ్రమ్ము. పచ్చ బిందె దించి, కట్టెతో డ్రమ్ములో కలియబెడుతోంది రంగి.

అక్కను చూడగానే కట్టె పడేసి ఉరికొచ్చింది. లంబాడీ భాష, తెలుగు కలగలిపి మాట్లాడుకోవడం ఇద్దరికీ అలవాటు.

"అగో! మా అక్కొచ్చింది! జర చెప్పి రావొద్దా? ఏందది, ఫ్లాస్కా? నాకోసం చాయ్ తెచ్చినవా?"

ద్వాళి వద్దు వద్దనే లోపే రంగి ఫ్లాస్కు లాక్కుని మూత తిప్పింది. లోపలికి చూసి, ముక్కు మూసుకుని, మళ్లీ చూసింది.

"థూ! ఏం చాయే ఇది? గింజలు గింజలున్నయి."

"గొర్రె గుడ్ల సంచులే పిచ్చిదానా. మేడంయి. మూత పెట్టు, సల్లారితే పాడైతయి."

"గొర్రె గుడ్లా!" రంగి కడుపు పట్టుకుని నవ్వింది. "అక్కా, కోదాడ పోయినంక నీకు బుర్ర తిరిగింది. గొర్రె గుడ్డు పెట్టుడేందే? రేపు కోడి ఈనుతదంటవు."

"నవ్వకు. నీకోసమే వచ్చిన. ఇగో ఇను, నీ కడుపుల పిల్లున్నది గద. ఆ పిల్ల కడుపుల గుడ్లున్నయి. ఇప్పుడే తయారైతున్నయి. వాటిల దారముంటది. దారాన్ని ఇప్పే చేతులుంటయి, చుట్టే చేతులుంటయి..."

"ఎవరి చేతులు?"

"ఎవరియి కావు."

"పుట్టని పిల్లకు పిల్లలా? ఎవరియి గాని చేతులా?" రంగి నవ్వు ఆపి అక్క నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. "జరమొచ్చిందా?"

ద్వాళి మళ్లీ మొదలుపెట్టింది. ఫేటియాల పెట్టె చెప్పింది, మడతలు చెప్పింది, ఉంగరం చెప్పింది. మేడం నోట తేనెలా సాగిన మాట తన నోట పిండిముద్దలా అడ్డం పడింది. మందుకు గుడ్లు పాడవుతాయని మేడం అసలు అనలేదని, ఆ ముక్క తనే అతికించుకున్నదని మధ్యలో గుర్తొచ్చి తడబడింది. చివరికి, "నీళ్లు మోయకు. గంతే. ఆడ నిలబడకు," అంది.

"నువ్వు మోయలేదా తారా కడుపుల ఉన్నప్పుడు?"

ద్వాళి డ్రమ్ము కేసి చూసింది.

"తారాకేమైంది? బండరాయి లెక్క ఉన్నది పిల్ల. లేదా? చెప్పు."

"ఉన్నది. ఇప్పుడైతే ఉన్నది."

అక్క కళ్లలో నీళ్లు చూసి రంగి మెత్తబడింది. మూత బిగించిన ఫ్లాస్కును ఇవ్వబోయి, ఇవ్వలేదు. అటూ ఇటూ తిప్పి చూసింది.

"గీటికి వెచ్చగ ఉండాల్నా?"

"మన ఒంట్ల ఎంత వేడి ఉంటదో గంత. నాలుగు గంటలల్ల ఇంటికి చేరాలె. ఎండ తాకొద్దు, సలి తాకొద్దు, కుదుపొద్దు."

"మంచిగున్నది." రంగి ఫ్లాస్కును ఎత్తు పెరిగిన తన పొట్టకు ఆనించుకుంది. "సచ్చిన గొర్రె గుడ్లకు గింత కాపలా. నాకెవరు పెడుతరు అక్కా కాపలా?"

అంతలో చెలక లోంచి కేక వచ్చింది. "ఓ రంగీ! నీళ్లు!" అది ఆమె మొగుడు గోప్యా గొంతు.

"ఈ చెలక అయినాంక మానేస్త. ఒట్టు," అంది రంగి, ఫ్లాస్కు అక్క చేతికిచ్చి, పచ్చ బిందె నెత్తికెత్తుకుంటూ. ఒట్టు వేసిన చెయ్యి తడిగా ఉంది. ద్వాళి ఆ చెయ్యి పట్టుకుని వాసన చూసింది. అదే వాసన. తారా కడుపులో ఉన్నప్పటిది.

కోదాడ చేరేసరికి రెండు దాటింది, నాలుగు గంటల గడువు ఎప్పుడో దాటింది. మేడం వాకిట్లోనే నిలబడి ఉంది. చంకలో తారా, తారా పిడికిట్లో మేడం చీరకొంగు.

"ఎక్కడికి పోయావమ్మా? బస్సు బోల్తాపడిందేమో అనుకున్నాను. పిల్ల నీకోసం ఏడ్చి ఏడ్చి ఇప్పుడే ఊరుకుంది."

ద్వాళి గడప మీదే కూలబడింది. తిరుమలగిరి సంగతి చెప్పింది. ఆగకుండా ఐసు సంగతీ చెప్పేసింది. మేడం ముఖం ముందు ఎర్రబడింది. లోపలికి పోయి నోట్సు తెచ్చి, ఆ ప్రశ్నార్థకం ఎదురుగా 'ఐసు' అని రాసింది. అయిదు రోజులుగా ఆ గుడ్లకేమైందో తెలియక తల బద్దలు కొట్టుకుంటున్నానని కసిరింది. ద్వాళి తల దించుకుని విన్నది. అంతా అయ్యాక, ఇన్నాళ్లూ గొంతులో దాచుకున్నది అడిగింది.

"ఐసుకు పాడైనట్టే మందుకూ పాడైతయా మేడం? మా తారాయి?"

మేడం తారా జడ ఊడిపోతే ముడి వేసింది.

"ఐసు సంగతి తెలుసు. మందు సంగతి తెలియదు ద్వాళీ. నాకే కాదు, చెప్పగలిగేవాళ్లు ఉన్నారో లేదో కూడా తెలియదు. తెలియదంటే ఏమీ కాదని కాదు. అయిందనీ కాదు. తారా బాగానే ఉంది. మీ చెల్లెల్ని మాత్రం ఆ డ్రమ్ముకు దూరంగా ఉండమను. మడతలు, ఉంగరాలు అన్నీ పక్కనపెట్టి, విషం విషమేనని చెప్పు. దానికి సూక్ష్మదర్శిని అక్కర్లేదు."

ఆ మాట పొద్దున తట్టి ఉంటే ఎంత బాగుండేది. ద్వాళి వచ్చే ఆదివారం మళ్లీ పోవాలనుకుంది. కానీ గురువారమే సక్రు వచ్చాడు, మిల్లు వెనక అర్ర దొరికిందని, సామాను కట్టమని. మిర్యాలగూడ నుంచి తిరుమలగిరి పోవాలంటే ఒక పొద్దంతా బస్సులే. సక్రు, "కడుపుతోని మా అమ్మ నాట్లేయలేదా? నువ్వొక్కదానివే దునియల పరేషాన్," అన్నాడు. ఉత్తరం రాస్తే రంగికి చదవరాదు. ఎవరితోనైనా చదివించుకుంటే, పుట్టని పిల్ల గుడ్ల గురించి విని తండా అంతా పడీపడీ నవ్వుతుంది.

ఇప్పుడు మిల్లు ఊక గాలికి ఎగిరొచ్చి గుమ్మంలో పడుతుంటే ద్వాళి ఊడుస్తోంది. తారా వెనకే తిరుగుతోంది. పిల్ల నవ్వితే కాసేపు నమ్మకం, ఊరికే పొట్ట నొప్పి అంటే కాసేపు గుబులు. తెలియదు అన్న మాటను ఏ మడతలో పెట్టుకోవాలో ఆమెకు ఇంకా తెలియలేదు. కానీ చెల్లెలి ప్రశ్నకు జవాబు మాత్రం దొరికింది. కాపలా ఎవరో ఒకరు పెట్టాలి. తను పోలేకపోతే, పోగలిగేవాళ్లు.

కాబట్టి మీలో ఎవరైనా సూర్యాపేటలో తిరుమలగిరి బస్సు ఎక్కేవాళ్లుంటే, ఊరు రాకముందే కల్వర్టు దగ్గర ఒక్కసారి దిగండి. ఎర్రమట్టి బాట వెంట పోతే పత్తిచెలక వస్తుంది. నవ్వితే చిగుళ్లు ముందు కనబడే పిల్ల, పేరు రంగి, ఇప్పటికి ఆరో నెల. వాళ్లక్క పంపిందని చెప్పండి. గుడ్ల మాట, దారం మాట ఎత్తకండి, నవ్వుతుంది. నీలం డ్రమ్ము దగ్గర ఉందా, నీడన ఉందా, అది చూడండి. పచ్చ బిందె ఇంకా నెత్తినే ఉంటే, మీ చేత్తో దించి, ఆమె ఎలా ఉందో మిర్యాలగూడలో ద్వాళికి ఒక్క మాట చేరవేయండి.